సూది రోజున ఒడి ఎవరిది

వీరదుర్గ బతికున్నన్నాళ్ళూ నరసాపురం చేపల వీధిలో ఆవిడ గంప కన్నా ముందు ఇంకొకరి గంప ఖాళీ కాకూడదు. అయిందంటే ఆ మధ్యాహ్నం ఆవిడకి అన్నం సయించేది కాదు. పక్కన కూర్చునే తలుపులమ్మ చందువాలు పొద్దున్నే అమ్ముడైపోతే, "వాళ్ళ చేపల మొప్పలకి కుంకం పూస్తారమ్మా, నాకా విద్య రాదు" అనేది, కొనేవాళ్ళకి వినపడేలా. తలుపులమ్మ నవ్వేసి ఊరుకునేది. ఇప్పుడు వీరదుర్గ చోట వేరే మనిషి కూర్చుంటోంది. మంచిపిల్లే, మాట్లాడదు. వీధి చప్పగా ఉంది.

చెడ్డ మనిషి కాదు వీరదుర్గ. ఆకలని వచ్చినవాణ్ణి కూర వేయకుండా పంపింది లేదు. కాకపోతే వాడు పొరుగింట్లో కూడా తిన్నాడని తెలిస్తే, ఎవరి కూర బాగుందో చెప్పేదాకా లేవనిచ్చేది కాదు. పెనిమిటి బుల్లియ్య పోయేముందు కూడా అంతే. కళ్ళు పచ్చబడితే పసరు పోయించారు, మణికట్టు మీద వాత పెట్టించారు. తగ్గినట్టే తగ్గి, కొన్నేళ్ళకి పొట్టలో నీరు చేరింది. కాలేయం పాడైపోయిందన్నారు పెద్దాసుపత్రిలో. ఆ చివరి వారం ఆయన తల్లి చేత్తో పోస్తేనే జావ తాగాడు. తన చేత్తో ఎందుకు తాగలేదని వీరదుర్గ ఆ తర్వాత ఎన్నేళ్ళో బాధపడింది. ఆయన పోయిన బాధలో అది కూడా కలిసిపోయి, ఏది ఏదో ఆవిడకే తెలిసేది కాదు.

కొడుకు అమ్మిరాజుకి ఏటికి అవతల సఖినేటిపల్లి నుంచి హారతిని తెచ్చుకుంది. వియ్యపురాలు ప్రసన్నలక్ష్మిది ఎండుచేపల వ్యాపారం. నిదానంగా మాట్లాడే మనిషి. ఆ నిదానమే వీరదుర్గకి గిట్టేది కాదు.

హారతి కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. కామెర్లకీ, కాలేయం జబ్బుకీ మూలమైన వైరస్ అది. పిల్లకి ఒంట్లో ఏ బాధా లేదు, చూస్తే బంగారు బొమ్మలా ఉంది. ఆ సాయంత్రమే రెండిళ్ళ మధ్యా ఫోన్లు మోగాయి.

"మీ ఇంట్లో కామెర్లతో పోయినాయన ఉన్నారు కదా వదినగారూ," అంది ప్రసన్నలక్ష్మి నిదానంగా.

"ఆయన పోయిన పదిహేనేళ్ళకి మీ అమ్మాయి మా గడప తొక్కింది వదినగారూ. గోడల్లో దాక్కుని ఉందంటారా జబ్బు?"

ఎవరివైపు నుంచి వచ్చిందో తేల్చడం కాదు, పుట్టబోయే బిడ్డకి అంటకుండా చూసుకోండని డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. మగపిల్లాడు పుట్టాడు. పుట్టిన పూటే ఒక తొడకి టీకా, రెండో తొడకి అప్పటికప్పుడు కాపు కాసే మందు వేశారు. తల్లి పాలివ్వచ్చన్నారు, ముద్దులు పెట్టుకోవచ్చన్నారు. నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి మాత్రం సూదులు తప్పకూడదన్నారు. మిగతా జబ్బుల టీకాలతో కలిపి ఇదీ అందులోనే ఉంటుందట. అమ్మమ్మా నాన్నమ్మా ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

పురిటికని వెళ్ళిన హారతి పుట్టింట్లోనే ఉంది. మనవణ్ణి చూడాలంటే వీరదుర్గ పంటు ఎక్కాలి. గోదావరి దాటినంతసేపూ, అవతల గట్టున ఆ పిల్లాడు ఎవరి ఒళ్ళో ఉండి ఉంటాడా అనే ఆలోచన. వెళ్ళేసరికి ప్రసన్నలక్ష్మి ఒళ్ళోనే ఉండేవాడు. వేలందిస్తే పట్టుకుని వదిలేవాడు కాదు. "మీ దగ్గరికి వస్తాడేమో చూడండి వదినా" అని ఆవిడ అందిస్తుంటే, ఆ అందించడంలోనే ఏదో దానం చేస్తున్నట్టు ఉండేది వీరదుర్గకి.

సూది వేసేటప్పుడు బిడ్డ కాళ్ళు ఎవరు పట్టుకుంటారో వాళ్ళ మొహం బిడ్డకి గుర్తుండిపోతుందని, కొన్నాళ్ళ పాటు వాళ్ళ దగ్గరికి రాడని ఆడవాళ్ళు అనుకునే మాట ఒకటుంది. అలాంటిది వీరదుర్గ చెవిన పడితే ఊరికే పోతుందా?

మొదటిసారి మనవడు బన్నీని అంగన్‌వాడీకి తీసుకెళ్ళిన బుధవారం ఆవిడ పనిగట్టుకుని పంటు ఎక్కి వెళ్ళింది. హారతి సూది చూడలేక బయటే నిలబడిపోయింది. తన రక్తం వల్లే బిడ్డకింత కష్టమని ఆ పిల్ల కుమిలిపోతూ ఉండేది.

"నాకు సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి వదినా. మీరు గట్టి గుండె గలవాళ్ళు, మీరు పట్టుకోండి," అంది వీరదుర్గ. బతికున్న పీతల కాళ్ళు విరిచే మనిషి.

ప్రసన్నలక్ష్మి పట్టుకుంది. నర్సు ఉషారాణి సూది తీసీ తీయగానే వీరదుర్గ పిల్లాణ్ణి లాక్కుని భుజాన వేసుకుంది. "మా నాయనే! ఎవరమ్మా కొట్టింది? ఆ అమ్మమ్మేనా? ఉండు, పంటు మీంచి తోసేద్దాం!" వాడు ఎక్కిళ్ళు పెడుతూ ఆవిడ మెడకి ముఖం ఆనించి ఊరుకున్నాడు. ఆ రోజు తిరుగు పంటు మీద ఆవిడ పక్కవాళ్ళందరికీ జీడిపప్పు అచ్చులు కొనిపెట్టింది.

ప్రసన్నలక్ష్మి నిదానస్తురాలే గానీ తెలివితక్కువది కాదు. రెండోసారి అంగన్‌వాడీ గుమ్మంలోనే నడుం మీద చెయ్యేసుకుంది. "రాత్రి నుంచీ పట్టేసింది వదినా. వంశం మీది, మీరు పట్టుకోండి."

"వంశం నాదే. నడుం నాకూ పట్టేసింది."

"ఏంటండీ ఇది? పిల్లాడి కాళ్ళు పట్టుకోమంటే ఇద్దరూ మంచం పట్టేలా ఉన్నారు," అంది ఉషారాణి. చివరికి ఆయా పట్టుకుంది. పిల్లాడు కెవ్వుమనగానే నడుములు పట్టేసిన ఇద్దరూ ఒక్కసారే వంగి తలలు గుద్దుకున్నారు.

మూడో సూది దగ్గరికొచ్చేసరికి హారతినీ పిల్లాణ్ణీ అత్తవారింటికి తెచ్చే రోజులు వచ్చాయి. ప్రసన్నలక్ష్మి అనుకుంది, ఎలాగూ వెళ్ళిపోతున్నాడు, చివరి జ్ఞాపకం సూదిది ఎందుకు, అక్కడే వేయించుకుంటారని. వీరదుర్గ అనుకుంది, వచ్చీ రాగానే పిల్లాడు నామీద అలగడమేంటి, అక్కడే వేయించి పంపుతారని. "మొదలెట్టిన చోటే పూర్తి చేయాలంట, మీ అమ్మ వచ్చి తీసుకెళ్తుందిలే," అని, సూది పడకుండానే ఇంటికొచ్చిన కోడలికి చెప్పింది. "మీ అత్తగారికి ఆసుపత్రి దగ్గర కదా," అని ఫోన్లో తల్లి చెప్పింది. హారతి ఎవరికీ ఎదురుచెప్పే పిల్ల కాదు. రెండు బుధవారాలు గడిచాక ఆ పిల్ల అడిగితే, పిల్లాడికి జలుబుగా ఉందంది వీరదుర్గ. జలుబేమీ లేదు. వాడు రోజంతా తన ఒళ్ళోనే ఉంటున్నాడు, తన గాజులు నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ సుఖం ఇంకొక్క వారం అనుకుంది. అలా నెల దాటింది.

ఒక బుధవారం పొద్దున్న ఆశా కార్యకర్త బుజ్జమ్మ నేరుగా చేపల వీధికే వచ్చింది.

"పిన్నీ, బన్నీగాడికి మూడో సూది ఎక్కడ వేయించారు?"

"అవతల వేయించే ఉంటారు."

"అవతల వేయలేదంట. ఉషారాణి గారే నాకు ఫోన్ చేశారు. వాళ్ళమ్మ జబ్బు సంగతి తెలిసీ ఏంటి పిన్నీ ఇది?"

వీరదుర్గ చేతిలో కత్తి ఆగింది. "వాడికేం? కళ్ళు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పచ్చనేది లేదు. రోజూ చూసుకుంటున్నానే."

"పసివాళ్ళకి అంటుకుంటే పైకేం కనపడదు. కళ్ళు పచ్చబడవు, జ్వరం రాదు. లోపల కూర్చుంటుంది. పెద్దయ్యాక, బాబాయికి వచ్చినట్టు..." అని బుజ్జమ్మ ఆపేసింది.

సగం చేపలు గంపలోనే ఉన్నాయి. వీరదుర్గ లేచి, చేతులు కడుక్కుని, "ఇవీ నువ్వే అమ్మెయ్యవే," అంది తలుపులమ్మతో. ఆ మాట విని వీధి అంతా తిరిగి చూసింది.

ఇంటికి పోయి పిల్లాణ్ణి ఎత్తుకుంది. హారతి వెంట నడుస్తూ, "అమ్మని రమ్మననా అత్తా? పంటెక్కితే గంటలో వచ్చేస్తుంది," అంది. వీరదుర్గ ఆగింది. రమ్మను అని నోటిదాకా వచ్చింది. ఆవిడ వచ్చి పట్టుకుంటే తను గుమ్మం బయట నిలబడొచ్చు. గంట ఎంతలో అవుతుంది? కానీ ఈ నెలంతా ఇలాంటి లెక్కే వేసుకుంటూ వచ్చానని ఆవిడకి తెలుసు.

"వద్దు, నేనున్నానుగా," అంది.

ఆలస్యమైనా మళ్ళీ మొదటినుంచి అక్కర్లేదని, ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. వీరదుర్గ బల్ల మీద కూర్చుని బన్నీని ఒళ్ళో పడుకోబెట్టుకుని రెండు కాళ్ళూ పట్టుకుంది. వాడు ఆవిడ మొహంలోకి చూసి నవ్వుతున్నాడు. చూపు తిప్పుకోవాలనుకుంది, తిప్పుకోలేదు. సూది దిగగానే ఆ నవ్వు అలాగే ఉండి, ఒక క్షణం ఏమీ అర్థం కానట్టు ఆగి, తర్వాత మొహమంతా ముడుచుకుపోయింది. ఆవిడ చేతులు చాపితే వాడు వెనక్కి వాలి తల్లి కోసం వెతుక్కున్నాడు.

సాయంత్రానికల్లా సంగతి తెలిసి ప్రసన్నలక్ష్మి పరుగున వచ్చింది. పిల్లాడు ఒంటి వేడితో చిరాగ్గా ఉండి, ఆవిడ ఒళ్ళోకి వెళ్ళగానే ఊరుకున్నాడు. వీరదుర్గ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఒళ్ళో వేసుకోడానికైతే పంటు దొరుకుతుంది మీకు," అంది.

ప్రసన్నలక్ష్మి పిల్లాడి వీపు నిమిరింది. "నేనూ మీ మీదే వదిలేశాను వదినా," అంది.

ఆ వారం రోజులూ వీరదుర్గ చెయ్యి చాపితే బన్నీ పెదవి విరిచేవాడు. అది సూది అలకో, జ్వరం చిరాకో ఎవరు చెప్పగలరు? ఆవిడ మాత్రం సూదేనని అనుకుంది. ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. వీధిలో చేపలు తూస్తూ, పక్కింటి మనవడు వాళ్ళ నాన్నమ్మ చంకెక్కి పోతుంటే చూపు అటే పోయేది. తర్వాత బన్నీ వచ్చాడు, అందరి దగ్గరికీ వచ్చినట్టే. అందరి దగ్గరికీ వచ్చినట్టు రావడం ఆవిడకి చాలలేదు.

ఏడాది నిండాక రక్తపరీక్ష చేయించారు. నెల ఆలస్యం చేసిన పాపం ఏమైనా చూపిస్తుందేమోనని రిపోర్టు వచ్చేదాకా వీరదుర్గకి నిద్ర లేదు. బిడ్డకి వైరస్ లేదు, టీకా బాగా పట్టింది అన్నారు. అమ్మిరాజు ఆసుపత్రి మెట్ల మీంచే ఫోన్ చేశాడు. ముందు అత్తగారికి చేశాడు. తర్వాత ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు.

ఆవిడ పిల్లాణ్ణి గట్టిగా హత్తుకుని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక, "ముందు ఎవరికి చెప్పావు?" అంది.

అమ్మిరాజు ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

"ఆ ఫోనిటియ్యి." నంబరు కలపగానే మొదలెట్టింది. "వదినగారూ, ముందు మీకే చెప్పాడంట మా వాడు, సంతోషం. ఒక్కటి చెప్పడం మర్చిపోయుంటాడు. ఆ మూడో సూదికి కాళ్ళు పట్టుకుంది నేను."

"తెలుసు వదినా," అంది అవతల గట్టు నుంచి నిదానపు గొంతు.

"మీకు తెలిస్తే సరిపోదు. మీ వీధిలో కూడా చెప్పండి."