యాడికి బస్టాండులో పెట్టిన బొట్టు

ఏటా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సమాజశాస్త్రంలోని మూడు దృక్పథాలు నేనే చెప్తాను. మొదటి రెండూ గడగడా చెప్పేస్తాను. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి మేడమ్‌కు ఎందుకో కోపం వస్తుందని పిల్లలు అనుకుంటారట. నిజమే, వస్తుంది. దానికి కారణం ఒక స్టిక్కర్ బొట్టు.

అనంతపురంలో ఎమ్మే చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నాతో ఒకమ్మాయి ఉండేది. నాకంటే ఏడాది చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్ళది యాడికి దగ్గర పల్లె. భూములూ బోర్లూ ఉన్న ఇల్లు, ఎన్నికలొస్తే జీపులు వచ్చి ఆగే ఇల్లు. మాది రాయదుర్గం. అమ్మ జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరించే పనికి పోయేది, ఆదివారం నన్ను చర్చికి తీసుకుపోయేది. మా పేట పేరు చెబితే చాలు, మేమెవరమో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ సంగతి మొదటి వారమే ఆమెకు చెప్పేశాను. ఆమె నా ప్లేటులోంచి గుప్పెడు బొరుగుల ఉగ్గాని తీసుకుని తినేసింది. ఆ గుప్పెడికే నేను పడిపోయాను.

సంఘర్షణ సిద్ధాంతం మీద ఆమె మాట్లాడుతుంటే క్లాసంతా చప్పట్లు కొట్టేది. సమాజం ఒక ఒళ్ళు లాంటిది, ఏ అవయవం పని అది చేసుకుంటే అంతా బాగుంటుంది అనే ప్రకార్యవాదులంటే ఆమెకు ఒళ్ళుమంట. పాదాలుగా ఉండమని ఎవరు ఎవరికి చెప్పారో ముందు అడగాలి అనేది. నేను ముందు బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేదాన్ని.

పరీక్షల ముందు హాస్టల్ బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు ఒకరోజు వస్తే రెండ్రోజులు వచ్చేవి కావు, మెస్సు మూసేశారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. మా ఊరికి రా, అక్కడ చదువుకుందాం అందామె. యాడికి బస్టాండులో ఆటో కోసం నిలబడినప్పుడు హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టు అట్ట తీసి, ఒకటి ఊడబెరికి నా నుదుటన అతికించింది. ఫోన్ కెమెరాలో నా ముఖం నాకే చూపించింది. మా అమ్మ నన్నెప్పుడూ బొట్టు పెట్టుకోనివ్వలేదు. చిన్న తప్పు చేస్తున్నట్టూ ఉంది, సంతోషంగానూ ఉంది. వాళ్ళ గడపలోకి అడుగుపెట్టగానే నా పేరును సగానికి తుంచి పిలిచింది. రెండో సగం వింటేనే కదా చర్చి పేరని తెలిసేది. నాకు అది తట్టలేదు, ముద్దుగా పిలుస్తోంది కాబోలు అనుకున్నాను.

ఎనిమిది రోజులున్నాను. వాళ్ళ అవ్వ నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టుకుని, పొయ్యి మీది జొన్నరొట్టె నేరుగా నా కంచంలో వేసేది. చెనిక్కాయల చట్నీ వద్దంటున్నా వడ్డించేది. మధ్యాహ్నాలు మేమిద్దరం వసారాలో కూర్చుని ఆ ఇంటినే ఉదాహరణగా పెట్టుకుని పాఠాలు చదివేవాళ్ళం. అవ్వ వంట, నాయన పంచాయితీలు, జీతగాళ్ళ పని, అన్నీ కలిస్తే ఇల్లు నడుస్తుంది, ఇది ప్రకార్యం. బోరు ఎవరి చేనులో ఉంది, కూలివాళ్ళు ఏ కుండలో నీళ్ళు తాగుతున్నారు, ఇది సంఘర్షణ. మూడోది ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం. పేరు పొడుగే గానీ విషయం తేలిక. మనుషులు ఒకరినొకరు చిన్న చిన్న గుర్తులతో పోల్చుకుంటారు, ఆ గుర్తుకు ఏ అర్థం ఇచ్చుకున్నారో దాన్ని బట్టే నడుచుకుంటారు. దీనికి ఉదాహరణ దొరకలేదని ఇద్దరం తెగ వెతికాం. ఆ ఉదాహరణ నా నుదుటి మీదే ఉంది. ఆ సంగతి మా ఇద్దరిలో ఒకరికి తెలుసు.

బయల్దేరే రోజు పొద్దున అవ్వ నన్ను పిలిచి, స్టిక్కర్ తీసేసి, వేలితో కుంకుమ పెట్టింది. చేతిలో రవికె గుడ్డ పెట్టి బుగ్గలు నిమిరింది.

"మీరూ మావాళ్ళేనని మా పాప ముందే చెప్పిండాది లేమ్మా. వేరేవాళ్ళయితే వంటింట్లోకి రానిస్తామా, తల్లీ?"

పెరట్లో బిందెకు నీళ్ళు పడుతున్న నా స్నేహితురాలు తలెత్తి నా వైపు చూసింది. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆ ఊళ్ళో ఎవరూ నీళ్ళను అలా పోనివ్వరు.

"అవునవ్వా," అన్నాను.

అది నా నోటి నుంచే వచ్చింది. ఇన్నేళ్ళైనా ఆ మాట తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ రెండు ముక్కలతో మా అమ్మను, మా పేటను, చర్చిలో నాకు పేరు పెట్టిన రోజును కాదనేశాను.

అనంతపురం బస్సెక్కాం. తాడిపత్రి దాటాక ఆమే మొదలుపెట్టింది.

"నీ కోసమే చెప్పినానక్కా. నిజం చెప్పింటే నిన్ను వసారాలోనే కూర్చోబెడతాండ్రి. అది బాగుంటుండెనా నీకు?"

"నన్నొక మాట అడిగింటివా?"

"అడిగింటే వస్తాంటివా నువ్వు?"

పరీక్షలైపోయాయి. ఆమెకు ఇంకో ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పండగలకు మెసేజీలు పెట్టేది, నేనూ పెట్టేదాన్ని.

పదకొండేళ్ళ తర్వాత ఒక సెమినార్‌లో ఆమె మాట్లాడుతోందని తెలిసి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఇష్టం చావలేదు కాబట్టి. వేదిక మీద ఆమె తన ఇంటి కథ చెప్పింది. తరతరాల కట్టుబాటును ఒక్కరోజులో తెంచి, దళిత స్నేహితురాలిని వంటింట్లో కూర్చోబెట్టిందట. అవ్వ తన చేత్తో రొట్టె వడ్డించిందట, మనుషులు మారతారట. బొట్టు లేదు, సగం పేరు లేదు, అబద్ధం ఊసే లేదు. ఆ స్నేహితురాలు మన మధ్యే ఉంది అని నా వైపు చేయి చాపింది. హాలంతా తిరిగి చప్పట్లు కొట్టింది. నేనేం చేశాను? లేచి నమస్కారం పెట్టాను. ఇది రెండో "అవునవ్వా".

భోజనాల వరుసలో ఆమె నా పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేసి, మొత్తం కథ చెప్పే ధైర్యం నీకు లేదన్నాను. ఈసారి నేనే మీ ఊరికి వచ్చి అవ్వకు నిజం చెప్తానన్నాను. ఆమె ముఖం మారింది.

"అవ్వ పోయి మూడేండ్లాయె అక్కా. ఆఖర్న కూడా నిన్ను అడిగింది."

నాకెందుకు కబురు పెట్టలేదని అడిగాను.

"ఏ పేరు చెప్పి పిలవాల్నక్కా? ఆడ మావాళ్ళందరూ ఉంటిరి."

"మా అమ్మ పెట్టిన పేరుతో. వచ్చేది, రానిది నేను చూసుకుంటాంటి."