బాప్తిస్మపు తొట్టికి రొయ్యల హీటరు

మీలో ఎవరికైనా పాత కట్టడాలకు కొత్త వసతులు అమర్చే పని పడితే, ఇది చదివి నేను చేసిందంతా తిరగేసి చేయండి. గోడకు ఒక్క రంధ్రం పెట్టకుండా, ఒక్క మేకు దిగ్గొట్టకుండా, వందేళ్లు దాటిన చర్చిని ఒక్క పూటలో సర్వనాశనం చేసిన ఘనత మా నెల్లూరు జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికీ దక్కలేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో ఎలక్ట్రీషియన్‌ని. రొయ్య పిల్లలు మహా సుకుమారాలు. నీళ్లు కాస్త చల్లబడితే చాలు, తొట్టి తొట్టంతా చచ్చి ఊరుకుంటాయి. అందుకని చలికాలంలో తొట్లలో హీటర్లు దించి, గదికి ఎక్కడా గాలి సందు లేకుండా ప్లాస్టిక్ పట్టలు బిగించి, వాటిని బాలింతల్లా చూసుకోవడం నా ఉద్యోగం. రెండేళ్లు ఆ పని చేసేసరికి, వేడి గురించి ఈ భూమ్మీద నాకు తెలియనిది లేదనే నమ్మకం కుదిరింది. ఆ వయసులో నమ్మకాలు ఊరికే కుదురుతాయి లెండి.

మా అమ్మమ్మ ముప్పై ఏళ్లుగా చర్చికి పోతున్నా బాప్తిస్మం తీసుకోలేదు. ఉబ్బసం అడ్డం. మా చర్చిలో నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే కుదరదు, నిలువునా మునగాలి. వేదిక మీద చెక్క మూత తీస్తే కింద నడుము లోతు తొట్టి. దానికి ఏనాడూ ఎండ తగిలింది లేదు. ఆ ఏడు డిసెంబరులో అమ్మమ్మ పట్టుబట్టి కూర్చుంది.

"వచ్చే ఏటికి ఉంటానో పోతానో. ఈ క్రిస్మస్ లోపల నేను మునగాల్సిందే."

"చన్నీళ్లల్లో దిగితే ఆయాసం వస్తాదని డాక్టరు చెప్పినాడు కదమ్మమ్మా?"

"అయితే నీళ్లు కాచు. రొయ్య పిల్లలకు కాస్తా ఉండావే, నాకు కాయలేవా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ నోరు తెరిచి నన్ను అడిగిన కోరిక అదొక్కటే. ఎలాగైనా సరే, ఆ తొట్టిని గోరువెచ్చగా చేసి ఆవిడను ముంచి తీరాలనుకున్నాను.

అడ్డం ఒక్కటే: సంఘపెద్ద దానయ్య గారు. మా చర్చి గోడలు పాతకాలపు సున్నపు గచ్చు గోడలు. పాలలా తెల్లగా, చెయ్యి వేస్తే జారేంత నున్నగా ఉంటాయి. ఆయన వాటికి ఎవర్నీ ఆనుకోనివ్వరు. తలనూనె అంటుకుంటుందని భయం.

"గోడకు రంధ్రం పెట్టేది లేదు," అన్నారు.

"పెట్టనండీ."

"మేకు కొట్టేది లేదు."

"కొట్టనండీ."

"తొట్టి అంచుకు స్క్రూ బిగించేది అసలే లేదు. పెచ్చు లేస్తే సిమెంటు పూసేటోడు వీధికొకడుండాడు. ఆ సున్నం నూరేటోళ్లు ఇప్పుడు యాడుండారు?"

"గీత కూడా పడదు దానయ్య గారూ. నాదీ పూచీ."

నేను పూచీ పడ్డ ప్రతిసారీ ఏదో ఒకటి కూలిపోతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపం, ఆయనకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం హేచరీ నుంచి నాలుగు హీటర్లు తెచ్చి, చెక్క మూత తీసి పక్కన పెట్టి, నీళ్లు నింపిన తొట్టిలో దించాను. వైరు తలుపు కింది సందులోంచి లాగాను. ఇక మిగిలింది సెన్సరు. అది వేలెడంత గొట్టం. నీళ్లలో ముంచి, తొట్టి అంచుకు క్లిప్పు పెట్టి స్క్రూ బిగించాలి. నీళ్లు తగినంత వేడెక్కగానే అది హీటర్లను ఆపేస్తుంది. స్క్రూ కూడదన్నారు కదా? అందుకని దాన్ని తొట్టి పక్కనే నాపరాతి నేల మీద పదిలంగా పడుకోబెట్టాను. (తాడు కట్టి నీళ్లలోకి వేలాడదీయొచ్చు కదా అని మీకు తట్టింది. నాకు తట్టలేదు. అందరికీ అన్నీ తట్టవండీ.)

తర్వాత, వేడి బయటికి పోకూడదు కాబట్టి హేచరీ అలవాటు ప్రకారం కిటికీలకూ, పైన గాలి సందులకూ పట్టలు కట్టేశాను. పైన క్రిస్మస్‌కని పిల్లలు కట్టిన ముడతల కాగితాల తోరణాలున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎంత బాగున్నాయో అనుకుంటూ తలుపు వేసి ఇంటికి పోయాను.

ఆదివారం పొద్దున పాస్టరు అయ్యగారు తలుపు తీశారు. లోపలి నుంచి తెల్లగా భగ్గుమని వచ్చింది.

"ఒరే, చర్చి తగలబడతా ఉండాది!"

"పొగ కాదయ్యగారూ, ఆవిరి."

"ఆవిరేందిరా? ఇడ్లీలేమైనా పెట్టినావా లోపల?"

జరిగింది ఇదీ: నా సెన్సరు తెల్లవార్లూ ఆ నాపరాయి వేడెక్కుతుందేమోనని కాచుకుని ఉంది. చుట్టూ ఎంత ఉక్కగా ఉన్నా ఆ రాయి చలించలేదు. హీటర్లు మాత్రం తమ పని మానకుండా నీళ్లు కాస్తూనే ఉన్నాయి. ఆవిరి పోయే దారి లేక పైకెక్కి, కాగితపు తోరణాలను నానబెట్టింది. వాటి రంగులన్నీ పైనుంచి కింది దాకా గోడల మీద చారలు చారలుగా కారిపోయాయి. దానయ్య గారు లోపలికొచ్చి నిలబడిపోయారు. పై కండువాతో ఒక చోట తుడిచి చూశారు. చార పోలేదు సరికదా, అక్కడ జానెడు మేర గులాబీ రంగు తేలింది.

"గీత పడదన్నావు," అన్నారు నెమ్మదిగా. "గీతలు తప్ప ఇంకేముండాయిరా ఈ గోడల మీద?"

"రంధ్రమైతే పడలేదు కదండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అమ్మమ్మ తెల్లచీరలో వచ్చింది. వచ్చీ రాగానే పై తోరణం నుంచి భుజం మీద ఎర్రటి చుక్క పడింది. ఆవిడ గోడలు చూడలేదు, చుక్కా చూడలేదు.

"నా నీళ్లు ఎట్లుండాయిరా?"

స్విచ్చి కట్టేసి, వేలు ముంచి కెవ్వుమన్నాను.

"నీతో పాటు నేనూ దిగాలి కదమ్మా, ఉడికిపోతాం," అన్నారు అయ్యగారు. "ఈస్టరుకు చూస్తాంలే."

అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. దానయ్య గారు నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పుడు శీనయ్య మామ ముందుకొచ్చాడు. అమ్మమ్మ అన్న కొడుకు. సముద్రంలో వేటాడి చేపలమ్ముకునే మనిషి. అత్త బాప్తిస్మం చూడాలని సరుకేసుకునే ఆటోతో సహా నేరుగా వచ్చేశాడు.

"నీళ్లు చల్లారాలి, అంతే కదా? ఆటో నిండా ఐసుండాది."

హీటర్లు బయటికి లాగి, బకెట్లతో సగం నీళ్లు తోడి పారబోసి, బోరు నీళ్లు నింపాం. ఇంకా వేడిగానే ఉన్నాయి.

"మూడు దిమ్మలు చాలు మామా," అన్నాను.

"ఐసు కాడ పిసినారితనం చేస్తే సరుకు చెడిపోతాదిరా," అంటూ ఆటో మొత్తం దించేశాడు.

"చేపల వాసన వస్తా ఉండాదయ్యా," అన్నారు దానయ్య గారు నీరసంగా.

"శిష్యులు మాత్రం ఎవరు? చేపలు పట్టినోళ్లే," అంటూ అయ్యగారు తొట్టిలో కాలు పెట్టి, ప్రార్థనలో లేని కేక ఒకటి వేశారు. నీళ్లు గడ్డకట్టడం ఒక్కటే తక్కువ. వద్దని నేను అరిచేలోగా అమ్మమ్మ మెట్లు దిగేసింది. దంతాలు టకటకలాడుతుండగానే నిలువునా మునిగి లేచింది. చర్చిలో ఒక్కరూ ఊపిరి తీయలేదు. అందరం ఆవిడ ఊపిరి కోసమే చూస్తున్నాం. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుని "స్తోత్రం!" అని వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది. ఆయాసం లేదు, పిల్లికూతల్లేవు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ మాత్రం నా వైపు తిరిగి గుడ్లురిమింది.

"ఐసు నీళ్లల్లో మునిగినా నాకేం కాలేదు కదరా! ఉత్త చన్నీళ్లకు భయపడి ముప్పై ఏళ్లు ఒడ్డున కూర్చున్నానే!"

ఆరాధన ముగిశాక దానయ్య గారు నా చేతిలో సున్నం గీకే రేకూ, కుంచే పెట్టారు. రంగుల చారల గోడ ముందు, సంఘమంతా చూస్తుండగా ప్రమాణం చేశాను: "నాకంటే వయసులో పెద్దదైన ఏ కట్టడంలోనూ ఇకమీదట హీటరు పెట్టను, పట్ట కట్టను, ఫోను చార్జింగు కూడా పెట్టుకోను. చలేస్తే వణుకుతాను. ముఖ్యంగా, దేనికీ పూచీ పడను."

"ఆమేన్," అన్నారు దానయ్య గారు, అయ్యగారి కంటే ముందు.