స్వేచ్ఛగా బతకబోయిన ఆదివారం

తొంభైల్లో మేం పుంగనూరులో ఉండేవాళ్లం. మా ఆయన లెక్కల మాస్టారు. చేతిరుమాలుకు కూడా ఇస్త్రీ ఉండాల్సిందే. ఒకసారి మదనపల్లెలో సినిమా చూశాం. పద్ధతిగా బతికే జంట ఒకటి కళాకారుల గుంపులో చేరి కట్టుబాట్లన్నీ వదిలేస్తుంది. ఈయనకు అది బాగా తలకెక్కింది. నిజం చెప్పాలంటే నాకూ సరదా వేసింది.

ఊరి బయట మామిడితోపులో కుప్పం చిత్రకారులు నలుగురు అద్దెకుండేవాళ్లు. ఆదివారం ఇద్దరం అక్కడికి వెళ్లాం.

"ఈడ రూల్సేం లేవక్కా. ఎవురికి మనసైతే వాళ్లు పని చేస్తారు," అన్నాడు వాళ్లలో గడ్డమున్నాయన.

భోజనాలయ్యాక మగాళ్లందరూ చాపల మీద వాలారు. అంట్లు తోమే మనసు నాకొక్కదానికే కలగాల్సి వచ్చింది.

తోముతూ తలెత్తితే, మా ఆయన చొక్కా విప్పేసి, చెవిలో మందారం పెట్టుకుని బొమ్మ గీయించుకోడానికి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే మామిడికాయల కోసం మా ఆయన బడి హెడ్మాస్టరు వచ్చారు.

"ఏమప్పా, ఈడేం చేస్తాండావు?"

మా ఆయన గబగబా చొక్కా కోసం వెతుక్కున్నారు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. హెడ్మాస్టరు అటూ ఇటూ చూసి, నెమ్మదిగా తన చొక్కా గుండీలు విప్పారు.

"నన్ను గూడా గీస్తారా?" అని వాళ్లనడిగి, నా వైపు తిరిగారు. "అమ్మా, కాఫీ ఏమన్నా ఉండాదా?"

చేతిలో గిన్నె అక్కడే పడేసి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. కట్టుబాట్లు వదిలేసిన మగవాళ్లకు కూడా కాఫీ మాత్రం వేళకు అందాలని ఆరోజే తెలిసింది.