ఐదు గల్లీల అవతలికి ఎందుకు మారామంటే...

ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో మా చిన్నప్పుడు తెల్లవారిందంటే గల్లీ నిండా పొగే... ఇళ్ళ ముందు రాతిబొగ్గు కుంపట్లు పెట్టి, అడుగున పిడకలు వేసి అంటించేవారు. సిగ్డీలు అనేవాళ్ళం వాటిని. పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తీసుకెళ్ళి వంట మొదలుపెట్టేవారు.

మా ఇంటికీ, పక్కింటి సలోమి పిన్ని ఇంటికీ కలిపి పొద్దున ఒక్క సిగ్డీయే అంటించేవారు. ఒకరోజు అమ్మ, ఒకరోజు పిన్ని. నిప్పయ్యాక రెండోవాళ్ళు పట్టకారుతో సగం నిప్పులు తీసుకుని తమ సిగ్డీలో వేసుకునేవారు.

వాళ్ళు చర్చికి, మేము గుడికి... అయినా పిన్ని మా అమ్మను "అప్పా" అని పిలిచేది. శ్రీకాకుళం వైపు అక్కను అలాగే అంటారు. అమ్మకు అక్కడి హిందీ రాదు, బయటికి వెళ్ళాలంటే బెరుకు. రేషన్ కొట్టుకైనా, ఆసుపత్రికైనా పిన్నే తోడు.

మా గల్లీలో అందరూ దూరం నుంచి వచ్చినవాళ్ళే. ఊరు ఎందుకు వదిలారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు... ప్లాంటులో పని కోసం. మా నాన్న కూడా ఆ మాట తలెత్తుకుని చెప్పేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ఐదు గల్లీల అవతల ఒక ఇల్లు చూసి వచ్చారు. లోపలే కుళాయి. పక్క వాటాలో మా క్లాసు పింకీ వాళ్ళు. వాళ్ళ వరండాలో ఉయ్యాల... ఇక నా మనసు ఇంట్లో నిలవలేదు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "సలోమిని ఒగ్గీసి నాను రాను. నీల్లు మోస్తే ఏటి, సేతులరిగిపోతాయా?" అంది.

"ఐదు గల్లీలే కదే... ఇదేశం ఎలిపోతన్నట్టు సెప్తావేటి?" అని నాన్న నవ్వారు. అమ్మ వినలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి అమ్మ పక్కన చేరి, పుస్తకం తిరగేస్తూ చెప్పాను. "అమ్మా... మన సిగ్డీ పొగకే ఆల పాపకి దగ్గొత్తందట. ఎదురింటి దీదీతో పిన్ని అంటంది."

పిన్ని ఆ మాట అనలేదు. పిన్ని పాపకి దగ్గు మాత్రం నిజం. అందుకే నా అబద్ధం అంత బాగా అతికింది.

అమ్మ వెళ్ళి అడుగుతుందేమోనని నాకు ఒకటే దడ... అడగలేదు. మర్నాడు పొద్దున సిగ్డీ పట్టుకుని గల్లీ చివరిదాకా వెళ్ళి, ఒక్కతే అంటించుకుంది.

పిన్ని పట్టకారు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "ఏటప్పా, అంత దూరం ఎల్లిపోయావు? ఇయ్యాల నా వంతు కదా!"

"ఏట్లేదు... ఇక్కడ గాలి బాగుంది" అంది అమ్మ.

నెల తిరగకుండా మారిపోయాం. సామాను ఠేలా బండి మీదికి ఎక్కిస్తుంటే పిన్ని కూడా వచ్చి గిన్నెలు అందించింది. "నిజం సెప్పప్పా... నా వల్ల ఏటైనా తప్పయిందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆ ఇంట్లో కుళాయుంది."

పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వైనా సెప్పే, బంగారం." నేను ఠేలా అవతలికి వెళ్ళి నిలబడ్డాను.

ఉయ్యాల ఎక్కాను... ఊగాను కూడా. అమ్మకు మాత్రం ఆ గల్లీలో ఎవరూ దగ్గర కాలేదు. జ్వరం వస్తే నాన్నకు సెలవు దొరికేదాకా అలాగే పడుకుని ఉండేది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు.

రాష్ట్రం దాటి వచ్చినవాళ్ళు కారణం ఎవరికైనా చెప్పుకోగలరు. ఐదు గల్లీలు దాటినవాళ్ళు చెప్పుకోలేరు... కుళాయి అంటారు, గాలి అంటారు. దాని వెనక మింగేసిన మాట ఒకటి ఉంటుంది.

తర్వాత పిన్ని వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు. నేను పెళ్ళయి ఆ ఊళ్ళోనే కోహ్కా వచ్చాను. ఈమధ్య మా ఆయన దగ్గర్లోనే వైశాలి నగర్‌లో ఇల్లు చూద్దామన్నారు. ఎందుకని అడిగితే, "బండి పెట్టుకోడానికి జాగా ఉంది" అన్నారు. ఆ మాటతో నాకు ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. ఆ ఆదివారమే పుట్టింటికి వెళ్ళి అమ్మకు నిజం చెప్పేశాను.

అమ్మ తిట్టలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే, "సలోమి నంబరు దొరుకుద్దేటి?" అంది.

వాళ్ళ చర్చివాళ్ళను అడిగి తెచ్చాను. ఫోను కలిపి స్పీకరు పెట్టాను. అమ్మ గొంతు వినగానే పిన్ని "అప్పా!" అని ఒకటే కేక... ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. చివర్లో పిన్ని అడిగింది. "ఇప్పుడైనా సెప్పు. అప్పుడెందుకెలిపోయావు? ఇన్నేల్లూ నాలో నానే ఎతుక్కున్నాను, ఏటి తప్పు సేసీనానా అని."

అమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"నా బుద్ధి గడ్డి తినిందే, సలోమీ. నీ మీద నానే ఏదో ఊహించీసుకున్నాను. తప్పంతా నాదే" అంది అమ్మ.

ఫోను మా ఇద్దరి మధ్యే ఉంది. "పిన్నీ, నేనే" అంటే సరిపోయేది... అనలేకపోయాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా సామాను సర్దుకుని వెళ్ళిపోతుంటే ఎందుకని అడిగేవాళ్ళే లేరు. ఆరోజు ఠేలా దగ్గర నన్ను అడిగిన పిన్నికి మాత్రం నా జవాబు ఇంకా అందలేదు...

మీరెప్పుడైనా దగ్గర్లోనే ఇల్లు మారారా? నలుగురికీ చెప్పిన కారణం కాదు, లోపల దాచుకున్నది రాయండి... మీవి చదివితే, పిన్నికి నేనే ఫోను చేసే ధైర్యం వస్తుందేమో.