డాక్టరుగారి ఎదురు గది

అమలాపురంలో చిన్న కంటి కేంద్రం ఎక్కడ పెడితే బాగుంటుందని నేను పనిచేసే రాజమండ్రి కంటి ఆసుపత్రి వాళ్ళు అడిగినప్పుడు నేను ఆలోచించలేదు. అమ్మకి పదకొండేళ్ళు షుగర్ మందులు రాసిన డాక్టరుగారి క్లినిక్ ఎదురుగా ఓ గది ఖాళీగా ఉంది. అదే కావాలన్నాను. బస్సు దిగి నడిచి రావచ్చని కారణం చెప్పాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు.

అమ్మ జాకెట్లు కుట్టేది. మా పేటలో పెళ్ళయినా, క్రిస్మస్ అయినా అమ్మ చేతి కుట్టే కావాలనేవారు. ఓసారి కళ్ళ ముందు నల్ల దారపు పోగులు తేలుతున్నాయంది. గుడ్డ దులిపినా పోవడం లేదంది. డాక్టరుగారికి చెబితే, "వయసండీ. కళ్ళజోడు మార్చుకోండి" అన్నారు. మార్చుకుంది. మళ్ళీ మార్చుకుంది. మూడో జోడుతో కూడా కుట్టు కనిపించని రోజున రాజమండ్రి తీసుకెళ్ళాను. కుడికన్ను లోపల రక్తం నిండిపోయిందన్నారు. ఎడమకంటికి కాస్త చూపు మిగిలింది.

"షుగర్ ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి కంటి వెనక పొర చూడాలమ్మా. మొదట్లోనే పట్టుకుంటే ఇంతదాకా వచ్చేది కాదు. మీకెవరూ చెప్పలేదా?" అని అక్కడి డాక్టరమ్మ అడిగారు.

ఆ ప్రశ్న పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళాను. హాలు నిండా జనం. డాక్టరుగారు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే, "వైద్యం నువ్వు నేర్పుతావా నాకు? మీ అమ్మగారు స్వీట్లు మానలేదు. అదీ సంగతి" అన్నారు. బెంచీ మీద ఇద్దరు నవ్వారు. క్రిస్మస్ కేకు కోసి అందరికీ పంచి, తను వేళ్ళు కడిగేసుకునే మనిషి మా అమ్మ. ఇంటికి రాగానే బీఈడీ పుస్తకాలు కట్టగట్టి పక్కన పడేశాను. కంటి పరీక్షల కోర్సులో చేరాను. ఆ నవ్వే నన్ను చదివించింది.

నా పని పెద్దదేం కాదు. కళ్ళలో చుక్కలు వేసి, గడ్డం ఆనించి కూర్చోబెట్టి, కంటి వెనక పొరకి ఫోటో తీస్తాను. తెర మీద నారింజ రంగు పొర కనిపిస్తుంది. దాని మీద సూదిమొనంత ఎర్ర చుక్కలుంటే అదే జబ్బు మొదలు. ఆ దశలో మనిషికి ఏమీ తెలియదు. ఫోటోలు రాజమండ్రి వెళతాయి. అక్కడి డాక్టర్లు చూసి రిపోర్టు పంపుతారు.

పి.గన్నవరం నుంచి వచ్చిన ఓ కొబ్బరి రైతు బోర్డు మీద చివరి వరుస దాకా గడగడా చదివేసి, "నాకు శుభ్రంగా కనపడతందండి. ఎందుకండీ ఇదంతా?" అన్నారు.

"ఆయ్, కనపడతన్నప్పుడే చూడాలండి."

చుక్కలున్నాయి. రిపోర్టు వచ్చాక ఫోటో రెండు కాపీలు తీశాను. "ఒకటి మీరుంచుకోండి. రెండోది ఎదర డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. ఇన్నేళ్ళూ దీని గురించి ఎందుకు చెప్పలేదో అడగండి."

"అలా అడిగితే బాగోదేమోనండీ."

"మర్యాదగానే అడగండి."

చుక్కలు కనబడిన ప్రతివాళ్ళనీ అలాగే పంపాను. వాళ్ళు రోడ్డు దాటుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసేదాన్ని. డాక్టరుగారు ఫోటోని బల్ల చివరికి తోసేయడం నా గదిలోంచి కనిపించేది. అన్నం కంటే అది నాకు బాగా వంటబట్టేది.

ఓ మధ్యాహ్నం క్లినిక్ మూసి ఉన్న వేళ ఒకావిడ కొంగు కప్పుకుని వచ్చారు. డాక్టరుగారి భార్య. ఆరేళ్ళుగా షుగరట. మందులు ఆయనే ఇస్తారట. "మావారికి తెలియనివ్వకండమ్మా" అన్నారు. ఫోటో తీశాను. రెండు కళ్ళలోనూ చుక్కలు.

రిపోర్టు రాగానే ఆవిడకి ఫోన్ చేశాను. "డాక్టరుగారిని కూడా తీసుకురండి. మందులు మార్చాల్సింది ఆయనే కదండీ" అన్నాను. అది నిజమే కాబట్టి ఆవిడ ఒప్పుకున్నారు. కానీ నేను అందుకు పిలవలేదు.

వాళ్ళు వచ్చేసరికి నా బెంచీల నిండా ఆయన పేషెంట్లే. తలుపు మూయాలి. మూయలేదు. తెరని అందరికీ కనబడేలా తిప్పాను.

"ఇవి మేడంగారి కళ్ళండీ. ఈ చుక్కలు చూసేరా? ఆరేళ్ళలో ఒక్కసారైనా పరీక్ష చేయించేరా?"

ఆయన తెర దగ్గరికి వంగి చూశారు. "లేదమ్మా" అన్నారు.

"మా అమ్మ కుడికన్ను కూడా ఇలాగే పోయిందండీ. మీ దగ్గరే."

"ఎవరమ్మా మీ అమ్మగారు?"

ఆయనకి గుర్తే లేదు. ఇన్నేళ్ళూ నేను ఎవరి మీద పగ పెంచుకున్నానో ఆయనకి మేమెవరమో తెలియదు. ఇంకా ఏదో అనబోయాను. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నన్నిలా అందరి ముందూ ఎందుకమ్మా? నేను మీకేం చేసేను?" అన్నారు.

తెర ఆపేశాను. ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయనకి చెప్పలేదు. ఇంటికి వచ్చి జరిగింది చెబితే అమ్మ, "ఆవిడేం పాపం చేసిందే?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మొదట్లోనే పట్టుకున్నాం కాబట్టి ఆవిడకి లేజర్ అవసరం పడలేదు. షుగరూ, బీపీ అదుపులోకి వచ్చాయి. తర్వాతి ఫోటోలో చుక్కలు పెరగలేదు. ఇప్పుడు డాక్టరుగారు ప్రతి షుగర్ చీటీ మీదా కంటి ఫోటో తీయించుకోమని రాస్తున్నారు. అంత దూరం ఓడలరేవు ఊరి నుంచి కూడా ఆ చీటీలు పట్టుకుని వస్తున్నారు. "ఎంత శ్రద్ధండీ ఆయనకి" అంటారు. పళ్ళు బిగించి వాళ్ళ కళ్ళలో చుక్కలు వేస్తాను.

కిందటి వారం ఆయనే రోడ్డు దాటి వచ్చారు. పాత కాగితాలు వెతికించారట. అమ్మ పేరు దొరికిందట. గుమ్మంలోనే నిలబడి, "మీ అమ్మగారిని ఓసారి కలవాలమ్మా. ఇంటికి రావచ్చా?" అని అడిగారు.

"వద్దండీ. మిమ్మల్ని చూడనంది" అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు. నేను అమ్మని అడగనే లేదు.