గోమార్ల ఊళ్లో నా డ్యూటీ

వెలిగండ్ల దాటి ఆ ఊళ్లో జీపు దిగేసరికి ఉదయం ఏడు. ఎండాకాలం. అప్పటికే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. సామాను: మడతబల్ల, రెండు కుర్చీలు, సూదుల పెట్టె, ఐసు నింపిన నీలం డబ్బా. మంచుకొండల్లో మిలిటరీ నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చినవాణ్ణి. రిటైరయ్యాక దొరికిన ఈ సర్వే పనిని కూడా పోస్టింగనే అంటాను. గొర్రెల ఒంటిమీది గోమారి పురుగు కుడితే మనిషికి ఒక వైరస్ జ్వరం వస్తుంది. మా పడమటి పల్లెల్లో అది ఎంతమందికి వచ్చి పోయిందో రక్తం చూసి తేల్చాలి. సర్వే నడిపే డాక్టరమ్మ ఆర్డరు ఒకటే: మందలున్న ఇల్లు ఒక్కటీ వదలొద్దు.

అది మా అక్కను ఇచ్చిన ఊరు. అదే నా ధైర్యం, అదే నా తలనొప్పి. అక్కడి మందలవాళ్లంతా మా బావ మాట వింటారు. బావ ఎవరి మాటా వినడు.

పది దాటినా కుర్చీ ఖాళీ. మా డ్రైవరు గిద్దలూరు మనిషి, నాతోపాటు మిలిటరీలో చేసినవాడే. మంద దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాడు.

"భాయ్, మీ బావ రానంటున్నాడు. ఓవర్."

వైర్‌లెస్‌లో లాగా ఫోన్లో కూడా ఓవర్ అనే అలవాటు వాడికి పోలేదు.

నేనే వెళ్లాను. బావ తుమ్మచెట్టు నీడలో ఒక గొర్రె చెవి మడిచి గోమార్లు పీకుతున్నాడు. పీకినదాన్ని రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి చిట్లిస్తున్నాడు. గోళ్లకు రక్తం. ఆ జ్వరం ఒంట్లోకి వచ్చే దారుల్లో అదొకటి.

"బావా, అట్ల నలపొద్దు."

"నీకు మూతిమీద మీసం రాకముందు నుంచీ నలపతా ఉండా బామ్మర్దీ."

"రక్తమిస్తే ఏం పోతాది?"

"మంద పోతాది. ఈ ఊరి గొర్రెలకి రోగమంట అని ఒక్కడన్నా చాలు, బక్రీదుకు బేరగాళ్లు రారు. ఏడాదంతా ఏం తినాల?"

అది ఉత్త మొండితనం కాదని తెలిసింది. ఊరి పేరు బయటికి రాదని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. అంతలో సంగటి గిన్నెతో అక్క వచ్చింది.

"గొర్రెలకి సూది ఏసేటప్పుడు కాళ్లు గట్టిగా పట్టుకుంటాడు. తన దాకా వచ్చేసరికి బేరగాళ్లు గుర్తొచ్చినారు. సూదంటే భయం రా ఈయనకి, చెప్పుకోలేక ఇట్ల చేస్తాండాడు."

గిన్నె అక్కడే పెట్టి, నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. వెనకే బావ వచ్చాడు. తన వంతులో మొహం పక్కకు తిప్పుకుని అక్క కొంగు పట్టుకున్నాడు. డ్రైవరు నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి పోయాడు. సాయంత్రానికి నీలం డబ్బా నిండింది.

ఫలితాలు చెప్పడానికి వానలు పడ్డాక డాక్టరమ్మతో మళ్లీ వెళ్లాం. జ్వరం వచ్చిపోయిన గుర్తులు మేం తిరిగిన ఊళ్లలో కొద్దిమందికే ఉన్నాయి. ఆ కొద్దిమందిలో బావ ఒకడు.

"పోయిన కరువప్పుడు జ్వరమొచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారె. అదే కాబోలు," అన్నాడు. "మీ అక్కే తుడిచె."

డాక్టరమ్మ అక్కను పక్కకు పిలిచింది. "ఆయన ముందరే చెప్పమ్మా," అంది అక్క.

"నీకూ వచ్చి పోయిందమ్మా. తేల్చి చెప్పలేం కానీ, ఆయన రక్తం తుడిచినప్పుడే అంటుకుని ఉండొచ్చు."

బావ అక్క వైపు చూశాడు. "ఎప్పుడు?"

"నువ్వు లేచినాక. ఒళ్లు కాలిపోతాంటే బిళ్లలు మింగి మందను తోలుకోనిపోయినా."

"నాతో చెప్పలే?"

"చెబితే నువ్వు మళ్లీ మంచం ఎక్కేవాడివి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది మిలిటరీ నుంచి సెలవులో వచ్చి అక్క చేతి వంట తిని పోయాను. నాకూ చెప్పలేదు.

గోమార్లు పీకే చిమటాలు, గ్లౌజుల డబ్బా ఇచ్చి బయల్దేరాం. జీపు కదిలాక వెనక్కి చూశాను. బావ అక్క చేతికి గ్లౌజు తొడుగుతున్నాడు. బొటనవేలు వేరే వేలి గదిలోకి పోయింది. తిట్టుకుంటూ లాగి మళ్లీ తొడిగాడు. అక్క గాజులు వేయించుకునేదానిలా చెయ్యి చాపి నిలబడింది. నా సర్వీసు గురించి ఎవరడిగినా ముందు ఆ చెయ్యే కళ్లముందుకు వస్తుంది.