అద్దం జరిపే అక్క

మా కంపెనీ బస్సులో నా సీటు స్ప్రింగు ఒకటి రెండేళ్లుగా బయటికొచ్చి ఉంది. ఫిర్యాదు రాసిస్తే దాని మీద అట్టముక్క వేశారు.

నా పక్క సీటులో ప్యాకింగ్ సెక్షన్ అక్క కూర్చునేది. పేరు అడగాలని ఎవరికీ తట్టలేదు. లక్డారంలో ఎక్కిన దగ్గర్నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా ఆమె మాస్కు ముక్కు దిగేది కాదు. బస్సులో ఎవరు దగ్గినా, మొరాయించే కిటికీ అద్దాన్ని రెండు చేతులతో కుదిపి గాలి వచ్చేలా సగం జరిపేది. వాళ్లింట్లో నెలలు నిండకుండా పుట్టిన మనవడున్నాడు. జలుబు చేస్తే తట్టుకోలేడని డాక్టరు చెప్పాడట.

మాస్కులు మాకూ ఉన్నాయి. అవి గడ్డాల కింద విశ్రాంతి తీసుకునేవి. ఫ్యాక్టరీల మురికి కాలువ రాగానే అందరం ఒక్కసారే పైకి లాక్కునేవాళ్లం, దాటగానే దించేవాళ్లం. అంతటి క్రమశిక్షణ మా సేఫ్టీ మీటింగుల్లో కూడా ఎవరూ చూసి ఉండరు.

ఒకరోజు వెనక సీటాయన వరసగా తుమ్మాడు. అక్క అద్దం జరిపింది, సరిగ్గా కాలువ దగ్గర.

"అద్దం ముయ్యక్కా, కంపుకు సస్తున్నం!" అన్నాను, మాస్కు ఎగలాక్కుంటూ.

"ముయ్య. మీరే మూతులు మూసుకోండ్రి."

"మూసుకున్నం గదనే!"

కాలువ దాటింది. అలవాటుగా మాస్కులన్నీ దిగాయి. వెనకాయన మళ్లీ తుమ్మాడు.

అక్క వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది.

"కంపొస్తే ఎవలు చెప్పకున్నా మూసుకుంటరు. నా మనుమన్ని సంపేది కంపు గాదు, మీరు."